బావి దింపేవాళ్లు

చిలకలూరిపేట నుంచి ఏ రోడ్డు పట్టుకుని వెళ్లినా ఎక్కడో ఒకచోట సిమెంటు వరలు పేర్చిన స్థలం కనిపిస్తుంది. ఇనుప అచ్చులు, కంకర గుట్ట, తడి గోనెపట్టాలు కప్పిన వరలు. కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లు మరుగుదొడ్డి గుంతకు కొంటారు. సముద్రం వైపు ఇసుక నేలల వాళ్లు మంచినీళ్ల బావికి ట్రాక్టర్ మీద వేయించుకుపోతారు. మనది నల్లరేగడి. ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలు విడుస్తుంది, వాన పడితే ఉబ్బుతుంది. ఇందులో నిలువుగా గుంత తీస్తే పక్కలు విరిగి మనిషి మీదే పడతాయి. అందుకే ముందు తవ్వి తర్వాత వర పెట్టరు. ముందు వరను నేల మీద నిలబెట్టి, మనిషి దానిలో దిగి, దాని కాళ్ల కింద మట్టి తీస్తాడు. వర తన బరువుతో తానే దిగుతుంది.

మా వీధిలో ఇద్దరు అన్నదమ్ములు ఈ పని చేస్తుంటే పొద్దుటి నుంచీ అక్కడే కూర్చుని చూశాను. పెద్దాయన వరలోపల గొంతుక్కూర్చుని పొట్టి గునపంతో అంచు కింద మట్టిని చుట్టూతా గీస్తున్నాడు. గట్టు మీద తమ్ముడు తాడు లాగి తట్ట అందుకుంటూ, మధ్యమధ్యలో తూకం గుండు వేలాడదీసి చూస్తున్నాడు. "అన్నా, పడమర పక్క రెండంగుళాలు వాలింది" అన్నాడొకసారి. లోపలి ఆయన పడమర పక్క చెయ్యి ఆపేశాడు. ఎదుటి పక్క, అంటే పైకి లేచి ఉన్న తూర్పు అంచు కింద, గుప్పెడు గుప్పెడు చొప్పున మట్టి తీశాడు. కాసేపటికి వర చిన్నగా మూలిగి సర్దుకుంది. "నిలబడింది" అన్నాడు తమ్ముడు. దాని మీద రెండో వర ఎక్కించి, కీలుకు సిమెంటు మెత్తి, మళ్లీ మొదలు.

కృష్ణా, గోదావరుల మీద వంతెనలు నిలిచింది ఈ పని మీదే. ఇంజినీర్లు దాన్ని కైసన్ అంటారు. ఫ్రెంచి మాట, పెద్ద పెట్టె అని అర్థం. మన దగ్గర పని చేసేవాళ్లు వెల్ అంటారు, బావి అంటారు. ఆ బావి అడుగున పదునైన ఇనుప అంచు ఉంటుంది. దాని మీద కాంక్రీటు కర్బు, కర్బు మీద మందపాటి గోడ. లోపలి ఇసుకను క్రేన్‌కు కట్టిన ఇనుప దవడ తోడి పోస్తుంది. బావి దిగుతున్నకొద్దీ పైన గోడ పెంచుకుంటూ పోతారు. దిగనని మొండికేస్తే పైన బరువు పెడతారు. వాలితే ఎదుటి పక్క తవ్వుతారు, మా వీధిలో ఆ పెద్దాయన చేసినట్టే. కావలసిన లోతు చేరాక అడుగున కాంక్రీటు బిరడా వేసి, లోపల ఇసుక నింపి, పైన మూత పోసి, ఆ మూత మీద స్తంభం లేపుతారు. బస్సు కిటికీలోంచి మనకు కనిపించేది ఆ స్తంభం నుంచే. అసలు పనంతా అప్పటికే అయిపోయి ఇసుకలో దాగి ఉంటుంది.

ఈ విద్య తెల్లవాళ్లు పట్టుకొచ్చింది కాదు. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలుపెట్టిన ఆర్థర్ కాటన్‌కు ఎదురైన మొదటి చిక్కు రాతి నేల దొరకకపోవడమే. నది అడుగున ఎంత తవ్వినా ఇసుకే. ఆయన వరుసగా బావులు దింపించి, వాటి ఆసరాతో రాతి కట్టడం లేపించాడు. అంతకుముందు తంజావూరు వైపు కావేరి మీద పాత కల్లణను చూసినవాడాయన. లోతు తెలియని వదులు ఇసుకలో పునాది నిలపడం ఈ దేశపు పాత కట్టడాలు కట్టినవాళ్ల దగ్గరే నేర్చుకున్నామని స్వయంగా రాశాడు. 1852కు ఆనకట్ట పూర్తయింది. కాటన్ విగ్రహం లేని ఊరు గోదావరి జిల్లాల్లో అరుదు. ఆయన పక్కన నిలబడి పని నడిపించిన వీణెం వీరన్న పేరు తెలిసినవాళ్లు తక్కువ. బావుల్లో దిగి ఇసుక తోడినవాళ్ల పేర్లయితే ఒక్కటీ మనకు మిగల్లేదు. నాకు ఇది బాధగా ఉంటుంది.

రాజమండ్రి దగ్గర హేవలాక్ వంతెనకు 1897 నవంబరులో పని మొదలైంది, 1900 ఆగస్టులో రైలు నడిచింది. 56 ఖానాల వంతెనకు మూడేళ్లు కూడా పట్టలేదు. ఏటా నాలుగు నెలలు నది పని చేయనివ్వదు, వరదకు ముందే బావి ఒక మట్టానికి దిగి తీరాలి. లేకపోతే సగంలో ఉన్న బావిని గోదావరి పక్కకు తోసేస్తుంది. నది ఏడాదికి ఇంత గడువిస్తుంది, అంతలో చేయాలి. 1997లో దాని మీద రైళ్లు ఆపేశారు, కానీ స్తంభాలు నిలిచే ఉన్నాయి.

నీటి ఒత్తిడి మరీ ఎక్కువైనచోట ఇంకో పద్ధతి వచ్చింది. బొక్కెన నీళ్లలో గ్లాసు బోర్లించి అదిమితే లోపల గాలి నీళ్లను రానివ్వదు కదా, అలాగే అడుగులేని పెట్టెను బోర్లించి దింపి, లోపలికి గాలిని గట్టిగా పంపిస్తారు. ఆ గాలిలో మనుషులు నిలబడి నది అడుగును తవ్వుతారు. కోల్‌కతాలో 1943లో తెరిచిన హౌరా వంతెనకు హౌరా వైపు పునాదుల్లోనూ ఇదే పద్ధతి వాడారు. న్యూయార్క్‌లో బ్రూక్లిన్ వంతెనకు ఇలా తవ్వుతున్నప్పుడు కూలీలు పైకి రాగానే కీళ్లు పట్టేసి, మెలికలు తిరిగి పడిపోయేవారు. కొందరు చనిపోయారు. ఒత్తిడిలో ఒంట్లో ఇంకిన నత్రజని, ఒక్కసారిగా బయటికొస్తే నెత్తుట్లో బుడగలు కడుతుందని, మెల్లమెల్లగా పైకి తీసుకురావాలని అప్పటికి తేల్చుకోలేదు. చీఫ్ ఇంజినీరు వాషింగ్టన్ రోబ్లింగ్ 1872లో తానే ఆ జబ్బున పడి మంచం ఎక్కాడు. మన్‌హాటన్ వైపు పెట్టె 78 అడుగులు దిగాక, ఇంకా రాయి తగలకపోయినా, గట్టి ఇసుక చాలని ఆపించాడు. ఇంకా దింపితే ఎంతమంది పోతారో అన్న లెక్క ఆయన్ని ఆపింది. ఆ నిర్ణయం నాకు వంతెన కంటే గొప్పగా కనిపిస్తుంది. ఆ తర్వాత పదేళ్లకు పైగా ఆయన భార్య ఎమిలీ గణితం, ఉక్కు తీగల లెక్కలు నేర్చుకుని, ఆయన మాటను పనివాళ్లకు చేరవేస్తూ పని సాగించింది. 1883 మే 24న వంతెన తెరిచారు.

సైన్యంలో ఇదే కైసన్ అంటే వేరే వస్తువు, ఫిరంగి వెనక మందుగుండు పెట్టెలు మోసే గుర్రపు బండి. అమెరికా అంతర్యుద్ధం నాటి బండికి రెండు చక్రాలు, రెండు పెట్టెలు. దాన్ని లాగే ముందుబండి మీద ఇంకో పెట్టె. మొత్తానికి ఆరు గుర్రాలు. గుండ్లు అయిపోతే ఫిరంగి ఉత్త ఇనుము కాబట్టి, శత్రువు కాల్పుల మధ్య ఆ బండిని తోలుకు రావడం ఎవరో ఒకరి పని. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు బొబ్బిలి కోట మీద పేలినప్పుడు కూడా వాటి వెనక మందు మోసినవాళ్లు ఉండే ఉంటారు. యుద్ధం గురించి చెప్పేవాళ్లు వాళ్ల జోలికి పోరు.

అమెరికాలో ఆ బండి ఇప్పటికీ ఉంది. ఆర్లింగ్టన్ శ్మశానంలో పెట్టెలు తీసేసిన బండి మీద సైనికుల శవపేటికను గుర్రాలతో తీసుకెళతారు. 1963 నవంబరులో కెన్నెడీ వెళ్లింది అలాంటి బండి మీదే. మన దేశంలో ఆ గౌరవం ఫిరంగి బండిది. 2004 డిసెంబరులో పి.వి. నరసింహారావు భౌతికకాయాన్ని దాని మీదే తీసుకెళ్లారు.

మళ్లీ నది దగ్గరికి వస్తాను, ఎందుకంటే నేను చెప్పదలచుకున్న మాట అక్కడుంది. బావి నిలబడేది తన బరువు మీద మాత్రమే కాదు, చుట్టూ బిగదీసి పట్టుకున్న ఇసుక మీద. వరదలో స్తంభం చుట్టూ నీరు సుడి తిరిగి ఇసుకను కోసుకుపోతుంది. ఇంజినీర్లు గరిష్ఠ వరద మట్టం నుంచి ఆ కోత ఎంత లోతుకు పోతుందో లెక్క కట్టి, దానికి కనీసం మూడోవంతు కలిపి బావిని దింపుతారు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బరాజ్ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి నీరు పోయింది చూశాం. ఆ అదనపు మూడోవంతు అలాంటి రోజుల కోసమే. ఎండాకాలం పొక్లెయిన్లు వంతెన దగ్గర నది అడుగును నాలుగు మీటర్లు దించేశాయనుకోండి, వరద రాకముందే ఆ మూడోవంతు ఖర్చయిపోయినట్టే. పైన కాంక్రీటు చూస్తే ఏ లోపమూ కనిపించదు. పునాది కింద ఇసుక జారితే ఏమవుతుందో 2023 అక్టోబరులో తెలంగాణలోని మేడిగడ్డ బరాజ్ చూపించింది. అక్కడిది బావి పునాది కాదు, కారణాలూ ఒకటి కాదు, అయినా కుంగిన స్తంభాలను అందరం చూశాం.

మన కుప్పగంజి, ఓగేరు వాగుల్ని చిన్నవని తీసిపారేయొద్దు. రెండు రోజులు గట్టిగా కురిస్తే రోడ్లు తెంచే వాగులవి. నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం (వాల్టా) నిబంధనల ప్రకారం వంతెనకు 500 మీటర్ల లోపల ఇసుక తవ్వకూడదు. రోజూ ఆ దారిన పొలం వెళ్లే రైతు కంటే ముందు ఈ తవ్వకాన్ని చూసే అధికారి ఎవరూ ఉండరు. కాబట్టి మీ ఊరి వంతెన కింద ట్రాక్టర్లు దిగితే ఫోటో తీసి తహసీల్దారుకు, గనుల శాఖకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, రసీదు తీసుకోండి. ఒక్కరే వెళ్లడానికి జంకితే గ్రామసభలో పెట్టించండి. ఈ ఎండాకాలమే చేయండి, వరద వచ్చాక చేయగలిగింది ఏమీ ఉండదు.