బొమ్మల సినిమా – పెద్దల ఆనందం: ‘మహావతార్ నరసింహ’ పరిశీలన

4.1 పరిచయం

ముందు పాఠంలో రససిద్ధాంతం చదివారు. దాన్ని ఒక సినిమాకు అన్వయించడం ఎలాగో ఇప్పుడు చూద్దాం.

విశాఖ ఉక్కు కర్మాగారంలో ఎ-షిఫ్టు ముగించుకొని, పిల్లల పోరు పడలేక సాయంత్రం ఆటకు వెళ్లారనుకోండి. అది బొమ్మల సినిమా. కాసేపు కునుకు తీద్దామనుకొన్న మీరు చివరిదాకా రెప్ప వేయలేదు. మరునాడు డ్యూటీలో ఎవరైనా అడిగితే మాత్రం “పిల్లల కోసం వెళ్లాం లెండి” అని తప్పించుకొన్నారు. ఆనందించిన మాట నిజమే. దానికి కారణం చెప్పడం మాత్రం చేతకాలేదు. విమర్శకుడి పని అక్కడే మొదలవుతుంది.

4.2 చిత్రం, కథ

అశ్విన్ కుమార్ దర్శకత్వం వహించిన ‘మహావతార్ నరసింహ’ 2025 జూలై 25న తెలుగుతో సహా పలు భాషల్లో విడుదలైంది. వరాహావతారం, ఆ తరువాత నరసింహావతారం ఇందులోని ఇతివృత్తం. ప్రహ్లాదుని కథ మనకు కొత్త కాదు. పోతన భాగవతం సప్తమ స్కంధంలో ఉంది. 1932లో తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ అయింది. 1967లో అదే పేరుతో వచ్చిన చిత్రంలో ఎస్.వి. రంగారావు హిరణ్యకశిపుడు, రోజారమణి ప్రహ్లాదుడు. విశాఖవాసులకు ఈ కథ మరీ దగ్గరిది. సింహాచలంలో కొలువైనది వరాహ నరసింహుడే. ప్రహ్లాదుని తోయించిన కొండ ఇదేనని స్థలపురాణం.

4.3 ఆనందానికి కారణాలు

ముగింపు ముందే తెలుసు. కనుక మన ఆసక్తి “ఏం జరుగుతుంది” అన్నదానిపై కాదు, “ఎలా జరుగుతుంది” అన్నదానిపై ఉంటుంది. అద్భుతరసానికి స్థాయీభావం విస్మయం. నటుడు వేషం కట్టినప్పుడు ఆ వేషం మనకు తెలుస్తూనే ఉంటుంది. బొమ్మల్లో స్తంభం, మనిషి, సింహం అన్నీ ఒకే గీతలోంచి పుడతాయి. అందుకే స్తంభం చీలి నరసింహుడు వెలువడితే అతికించినట్లు ఉండదు. సింహాచలంలో ఏడాది పొడవునా చందనం మాటున ఉండే స్వామి, అక్షయ తృతీయనాడు మాత్రమే నిజరూపంతో దర్శనమిస్తాడు. మనసులో ఊహించుకోవడమే అలవాటైన రూపం తెరమీద కదిలితే ఆ విస్మయం రెట్టింపవుతుంది.

రెండో కారణం ఇంకా లోతైనది. పిల్లవాడు ప్రహ్లాదుని పక్షాన కూర్చొని చూస్తాడు. మీరో? తెలియకుండానే తండ్రి స్థానంలో కూర్చొంటారు. కొడుకును ముద్దుగా దగ్గరికి తీసుకొని “ఏం చదివావు?” అని అడిగి, నచ్చని జవాబు రాగానే మండిపడే తండ్రి మన ఇళ్లలోనూ ఉన్నాడు. పెద్దల ఆనందంలో ఈ చిన్న ముల్లు ఉంది. పిల్లలకు అది గుచ్చుకోదు.

4.4 పరిమితులు

ఆనందించినంత మాత్రాన లోపాలను దాచనక్కరలేదు. పోరాటాలు అవసరానికి మించి సాగాయి. దేహాలు కదిలినంత చక్కగా ముఖాలు కదలవు. మమకారాన్నీ అహంకారాన్నీ ఒకే చూపులో పలికించిన రంగారావు ఇక్కడ గుర్తుకు వస్తారు.

మరొక జాగ్రత్త: చూసేవారు చేతులు జోడిస్తే ఆ గౌరవం దైవానిదా, చిత్రానిదా? ఈ రెంటినీ విడదీసి చూడండి. నరసింహుని కథ తెలియనివారికి కూడా తండ్రీకొడుకుల సన్నివేశాలు తాకితే, ఆ మేరకు అది చిత్రం సాధించిన ఘనత.

4.5 అభ్యాసం

“పిల్లల కోసం వెళ్లాను” అనే మాట వాడకుండా, మీకు నచ్చిన ఒక బొమ్మల సినిమా గురించి పది వాక్యాలు రాయండి. మీకు కలిగిన రసమేదో, అది ఏ సన్నివేశంలో కలిగిందో తప్పక పేర్కొనండి.