తలుపు తట్టే శాస్త్రం

ఎన్నికల సర్వే అనగానే టీవీలో శాతాలు గుర్తొస్తాయి. నాకు మాత్రం ఎండలో ఊరూరూ తిరిగే సర్వే పిల్లలే గుర్తొస్తారు. 1963లో రాజనీతి శాస్త్రవేత్త రజనీ కొఠారి ఢిల్లీలో పెట్టిన సీఎస్‌డీఎస్ అనే పరిశోధన సంస్థ ఈ పనికి మన దేశంలో ఒక గట్టి పద్ధతి నేర్పింది. ఓటర్ల జాబితాలో ఇన్ని పేర్లకొకటని లెక్కగట్టి తీస్తారు. ఆ పేరుగలామె టమాటా తోటకు పోయుంటే పక్కింటాయన్ని అడిగి ముగించకూడదు, సాయంత్రం మళ్లీ రావాలి. ఆ రెండో రాకలోనే ఈ పని పరువంతా ఉంది.

కర్ణాటకలోని చిక్కబళ్లాపురం, చింతామణి, బాగేపల్లి సీమలో ఇంకో చిక్కు: కాగితం మీద కన్నడం, చాలా ఇళ్లలో తెలుగు. ప్రశ్నను తెలుగులో అడిగేటప్పుడు ‘ఈ సర్కారు పని నచ్చిందా?’ అంటే చాలదు, ‘నచ్చిందా, నచ్చలేదా?’ అనాలి. ప్రశ్న ఒక పక్కకు ఒరిగితే జవాబూ ఒరుగుతుంది. 1994లో, 2004లో సీపీఎం అభ్యర్థి జి.వి. శ్రీరామరెడ్డిని గెలిపించిన బాగేపల్లి మనసు కులాల లెక్కతోనే అందదు, అడగాల్సిందే.

ఓటు సంగతి మాత్రం గుట్టుగా అడగాలి. ‘నువ్వెవరికేస్తివో నాకు చెప్పొద్దవ్వా. గుర్తు మీద గీటు పెట్టి, మడిచి, ఈ డబ్బాలో వెయ్యి,’ అని సర్వేకొచ్చిన అమ్మాయి మొహం పక్కకు తిప్పుకుంటుంది. అవ్వ కాగితాన్ని నాలుగు మడతలు పెడుతుంది.