కంటితో కట్టిన వయసు

మన పత్రికల్లో పుస్తక సమీక్షలు ఎక్కువగా రెండు రకాలు. ఒకటి రచయితకు శాలువా కప్పుతుంది, ఇంకొకటి తోలు తీస్తుంది. రెండింట్లోనూ సమీక్షకుడికి రచయితతో ఉన్న చుట్టరికమో పగో తెలుస్తుంది గానీ, పుస్తకంలో ఏది నిలుస్తుందో ఏది రాలిపోతుందో తెలియదు. చండ్రుగొండలో కూర్చుని నేనూ సమీక్షలు రాస్తుంటాను కాబట్టి, ఈ వారం ఆ పని గురించే నాలుగు మాటలు. మంచి విమర్శ ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే నేను చూపించేది కథల పుస్తకం మీద వచ్చినది కాదు. అమరావతి శిల్పాల మీద ఒక ఇంగ్లిష్ కళాచరిత్రకారుడు రాసిన పుస్తకానికి దొరికిన జవాబు.

ఆయన పేరు డగ్లస్ బారెట్. బ్రిటిష్ మ్యూజియంలో పనిచేశాడు. అక్కడున్న అమరావతి శిల్పాల మీద 1954లో పుస్తకం తెచ్చాడు. ఆ రాళ్లు లండన్ చేరిన కథ చాలామందికి తెలిసిందే. 18వ శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త ఊరు కట్టించేటప్పుడు దీపాలదిన్నె అని పిలిచే పాత బౌద్ధ స్తూపపు దిబ్బను తవ్వి రాళ్లు తీశారు. కొన్ని గోడల్లోకి పోయాయి, కొన్ని సున్నపు బట్టీల్లో కాలిపోయాయి. మిగిలిన శిల్పాలకు కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ బొమ్మలు గీయించాడు. 1845లో మరో అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు పంపిన వాటిలో చాలా భాగం 1859లో ఓడెక్కింది. తర్వాతి తవ్వకాల్లో దొరికినవి మద్రాసు మ్యూజియంలో చేరాయి. అలా ఒకే స్తూపం రెండు ఖండాల్లో పంపకమైంది.

మద్రాసు వాటా మీద 1942లో కళాచరిత్రకారుడు సి. శివరామమూర్తి పెద్ద గ్రంథం రాశారు. శిల్పాలను నాలుగు దశలుగా విడగొట్టి, మొదటి దశను క్రీస్తుపూర్వం రెండో శతాబ్దంలో పెట్టారు. పన్నెండేళ్లకు బారెట్ దాన్ని ఒప్పుకోలేదు. ఆయన లెక్కలో ఆ శిల్పకళంతా క్రీస్తుశకం రెండో శతాబ్దం నుంచి మూడో శతాబ్దం మధ్యలోపు, అంటే ఇంచుమించు నూరేళ్ల పైచిలుకులో, పూర్తయింది. వాదన పైకి గట్టిగానే కనిపిస్తుంది. శిల్పం రాతిలో ఎంత లోతుకు దిగింది, బొమ్మలు ఎంత కిక్కిరిశాయి, బుద్ధుణ్ణి ఖాళీ సింహాసనంతో, పాదముద్రలతో సూచించారా లేక మనిషిగానే చెక్కారా అన్నవి చూసి వరస కట్టాడు. ఆ వరసను శాతవాహన రాజుల కాలానికి కట్టాడు. ఆ రాజుల్లో ఒకడైన పులుమావి పేరున్న శాసనం అమరావతిలోనే ఉంది గనుక, శాతవాహనులు కృష్ణా తీరానికి వచ్చాకే స్తూపానికి దశ తిరిగిందన్నాడు.

ఇక్కడ మనకొక సులువైన దారి ఉంది. తెల్లవాడు మన రాళ్ల వయసు తగ్గించాడు, మన పాతదనం ఓర్వలేకపోయాడు అంటే సభలో చప్పట్లు పడతాయి. కానీ దాంతో ఒక్క రాయి వయసైనా ఒక్క ఏడాది పెరగదు.

మా అడవి అంచు ఊళ్లలో టేకుమాను చుట్టుకొలత చూసి వయసు చెప్పేవాళ్లున్నారు. చాలాసార్లు దగ్గరగానే చెబుతారు. అయితే వాగు ఒడ్డున మాను తొందరగా లావెక్కుతుంది, గుట్ట మీది మాను ముసలిదైనా సన్నంగానే ఉంటుంది. కోసి వలయాలు లెక్కపెడితే గానీ అసలు వయసు తేలదు. బారెట్ చూసింది చుట్టుకొలత. వలయాలు మట్టిలో ఉన్నాయి.

వాటిని లెక్కపెట్టినవాళ్లు ఆవేశపడలేదు, తవ్వారు. 1958-59లో పురావస్తు శాఖ తరఫున ఆర్. సుబ్రహ్మణ్యం, కె. కృష్ణమూర్తి, 1973 తర్వాత ఐ.కె. శర్మ అమరావతిలో పని చేశారు. చెక్కడాలు లేని గ్రానైటు కంచె స్తంభాల మీద, కుండపెంకుల మీద తొలినాటి బ్రాహ్మీ అక్షరాలు కనిపించాయి. అశోకుడి శాసనపు ముక్కగా శాసన పరిశోధకుడు డి.సి. సర్కార్ ప్రకటించిన రాయి కూడా ఇక్కడిదే, అయితే అది అశోకుడిదేనా అన్న వాదన ఇంకా ఉంది. ఏదైనా, శాతవాహనుల కంటే ముందే ఇక్కడ స్తూపం ఉందన్న సంగతి బలపడింది.

నన్ను ఎక్కువగా ఆపిన సాక్ష్యం మాత్రం దాతల శాసనాలు. వాటిలో భిక్షుణులున్నారు, గృహస్థులున్నారు, వర్తకులున్నారు. విధికుడనే చర్మకారుడు కుటుంబంతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలకను ఇచ్చాడు. ఇంతమంది తలా ఒక రాయి మోసిన కట్టడానికి రాజుగారి రాకే పుట్టినతేదీ అనుకోవడం దగ్గరే బారెట్ లెక్క బలహీనపడింది. ఆయన కన్ను చెడ్డది కాదు, ఆ కన్ను రాజుల పట్టికను ఎక్కువగా నమ్మింది.

1992లో బ్రిటిష్ మ్యూజియం నుంచే రాబర్ట్ నాక్స్ అవే శిల్పాల మీద కొత్త గ్రంథం తెచ్చాడు. లండన్‌లో రెండు వైపులా చెక్కిన ఒక పలక ఉంది. ఒక వైపును క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దానిదిగా, వెనక వైపును క్రీస్తుశకం మూడో శతాబ్దానిదిగా ఇప్పుడు ఆ మ్యూజియమే చెబుతోంది. పాత పలకను తిప్పి మళ్లీ వాడుకున్నారన్నమాట. 1994లో అనామికా రాయ్ శాసనాలను, కట్టడాన్ని, శిల్పాలను పక్కపక్కన పెట్టి పరిశీలించారు. 2013లో అకిరా షిమాడా స్తూపం కథను క్రీస్తుపూర్వం 300 నుంచి క్రీస్తుశకం 300 దాకా చాపి చెప్పాడు. ఈ స్తూపం కాలక్రమం మీద రాయాలంటే శివరామమూర్తి లెక్కతో పాటు బారెట్ లెక్కనూ ఎదుర్కోక తప్పదు.

నేను నేర్చుకునేది అక్కడే. బారెట్ ఏ రాయిని చూసి ఏమన్నాడో, ఎందుకన్నాడో విప్పి రాశాడు, అందుకే ఎక్కడ తప్పాడో తర్వాతివాళ్లు వేలు పెట్టి చూపించగలిగారు. దాచిపెట్టి రాసినవాణ్ణి తప్పని నిరూపించడం కూడా కష్టమే. సమీక్షకు పుస్తకం చేతికొస్తే ఇప్పుడు నేను ముందు వెతికేది ఆ విప్పి చెప్పడాన్నే. అది ఉంటే అభిప్రాయంతో ఎంత పేచీ ఉన్నా ఆ పుస్తకానికి స్థలమిస్తాను. అది లేకపోతే, మన ఊరిని ఆకాశానికెత్తిన పుస్తకమైనా సరే, శాలువా కప్పను.