కడప బండ మీద వేడిగాలి పెట్టె

ప్రొద్దుటూరు అంగళ్లలో గ్రైండర్ల పక్కన ఇప్పుడు ఒక చిన్న రేకు పెట్టె కనిపిస్తోంది. ముందు గాజు తలుపు, కుడిపక్క మూడు నాబులు, లోపల జాలీ, దాని కింద ట్రే. పేరు మాత్రం పొడుగు: ఎయిర్ ఫ్రయర్ టోస్టర్ ఓవెన్. అది రొట్టె కాలుస్తుందనీ, కేకు చేస్తుందనీ, నూనె లేకుండానే వేపుతుందనీ అమ్మేవాళ్లు చెబుతారు. ఆ మాటలు అటుంచి దాని లోపలి పనితనం చూసినప్పుడు నాకు నిజమైన గౌరవం కలిగింది. వేడి పుట్టించడం పెద్ద కష్టం కాదు. పుట్టిన వేడి ఎక్కడికి ఎంత పోవాలో, ఎక్కడికి అసలు పోకూడదో తేల్చడమే కష్టం. ఈ పెట్టెలోని ప్రతి భాగమూ ఆ పంపకం కోసమే ఉంది.

మొదట రాడ్డు చూద్దాం. తలుపు తీసి తొంగిచూస్తే పైన రెండు, కింద రెండు సన్నటి గొట్టాలు అడ్డంగా ఉంటాయి. వేడి పుట్టేది ఆ గొట్టంలో కాదు, దాని నడుమ చుట్టలు చుట్టలుగా ఉన్న తీగలో. అది నికెల్, క్రోమియం కలిపి చేసిన నిక్రోమ్ తీగ. 1906లో అమెరికాలో ఆల్బర్ట్ మార్ష్ ఈ మిశ్రలోహానికి పేటెంటు పొందేదాకా కరెంటు టోస్టర్లు నిలదొక్కుకోలేదు. ఇనుప తీగ ఎర్రగా కాలితే గాలి తగిలి త్వరలోనే తెగిపోయేది. నిక్రోమ్ గుట్టంతా దాని పైపొరలో ఉంది. తీగ కాలగానే దాని మీద క్రోమియం ఆక్సైడ్ పొర పలుచగా ఏర్పడి, లోపలి లోహానికి గాలి తగలకుండా కాస్తుంది. కాలుతూనే తనను తాను కాపాడుకునే తీగ అది.

ఆ తీగలో పారేది 230 వోల్టుల కరెంటు. చుట్టూ ఉన్న గొట్టమేమో లోహం. రెండింటి నడుమ కరెంటు దాటకూడదు, వేడి దాటాలి. ఈ రెండు గుణాలూ కలిసి ఉన్న పదార్థాలు అరుదు. మెగ్నీషియం ఆక్సైడ్ అనే తెల్లటి పొడి అలాంటిది. తీగను గొట్టానికి సరిగ్గా నడిమధ్యన నిలిపి, చుట్టూ ఈ పొడి నింపి, ఆ తర్వాత గొట్టాన్ని బయటినుంచి నొక్కి సన్నం చేస్తారు. ఆ నొక్కుడుకు పొడి బిగుసుకుంటుంది. రేణువుల మధ్య ఉన్న గాలి తగ్గి, వేడి దాటడం సులువవుతుంది. గొట్టాన్ని కావలసిన వంపుకు వంచేది ఆ తర్వాతే. పొడి అంత బిగువుగా ఉంది కనుకనే, వంచినా తీగ పక్కకు జరిగి గొట్టానికి తగలదు.

వేడెక్కిన లోహం సాగుతుంది. అడుగు పొడవు రాడ్డు ఎర్రబడేసరికి దాదాపు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. రెండు కొసలనూ కదలకుండా బిగిస్తే అది వంగిపోవాల్సిందే. అందుకని కొసలను పింగాణీ ముక్కల్లో కూర్చోబెట్టి, ఆ ముక్కలను గోడ కంతల్లో కాస్త వదులుగా ఉంచుతారు. పెట్టె వేడెక్కేటప్పుడూ చల్లారేటప్పుడూ వినిపించే టిక్కు టిక్కు చప్పుడు ఈ రాడ్లదీ, లోపలి రేకులదీ. కొత్తగా కొన్నవాళ్లు ఆ చప్పుడుకు ఉలిక్కిపడతారు. నిజానికి అది సవ్యంగా చేసిన వస్తువు చేసే చప్పుడే.

కరెంటుకూ వేడికీ ఇలా వేర్వేరు దారులు వేయడానికి మన నేలలో దొరికే ఖనిజాలు కొన్ని బాగా పనికొస్తాయి. రొట్టె ముక్క పైకి ఎగిరివచ్చే టోస్టరులో నిక్రోమ్ తీగను చుట్టేది అభ్రకం రేకుకే. అభ్రకానికి మన గూడూరు పేరుమోసిన చోటు. వేడిని ఆపడానికి ఒకప్పుడు పొయ్యిల్లో, టోస్టర్లలో రాతినార వాడేవారు. ఆ రాతినార, అదే ఆస్‌బెస్టాస్, పులివెందుల పక్క బ్రాహ్మణపల్లె ప్రాంతపు రాళ్లలో ఉంది. దాని సన్నటి పోగులు ఊపిరితిత్తుల్లో చేరి ప్రాణాంతక జబ్బులు తెస్తాయని తేలాక వంటింటి వస్తువుల్లోంచి అది వెళ్లిపోయింది. ఇప్పటి చిన్న ఓవెన్లలో చాలావాటికి వేడిని ఆపేది రెండు రేకుల నడుమ వదిలిన ఖాళీ గాలే. కొన్నింటిలో గాజునార వేస్తారు. ప్రమాదకరమైన పదార్థం చేసే పనిని ఒట్టి ఖాళీ చేత చేయించుకోవడం నాకు గొప్ప మెరుగుగా కనిపిస్తుంది.

మూడు నాబుల్లో ఒకటి ఏ రాడ్డుకు కరెంటు పోవాలో తేలుస్తుంది. దాని ఇరుసు మీద ఎత్తుపల్లాలున్న చిన్న చక్రాలుంటాయి. నాబు ఒక్కో గుర్తు దగ్గర ఆగినప్పుడు ఆ ఎత్తులు కొన్ని రాగి పట్టీలను నొక్కి, కొన్నింటిని వదులుతాయి. టోస్టుకు పైవీ కిందవీ, గ్రిల్‌కు పైవి మాత్రమే, ఎయిర్ ఫ్రైకి పై రాడ్లతో పాటు ఫ్యాను. ఉన్న నాలుగు రాడ్లనే మార్చి మార్చి కలిపి ఒక్క గదిలో నాలుగైదు రకాల పొయ్యిలు సృష్టించారు.

మామూలు టోస్టర్ ఓవెన్‌ను ఎయిర్ ఫ్రయర్‌గా మార్చింది ఆ ఫ్యానే. 2010లో బెర్లిన్‌లో జరిగిన ఐఎఫ్ఏ ప్రదర్శనలో ఫిలిప్స్ సంస్థ ఎయిర్‌ఫ్రయర్‌ను లోకానికి చూపించింది. గాలిని తిప్పే ఓవెన్లు అంతకు దశాబ్దాల ముందే ఉన్నాయి. గదిని చిన్నది చేసి, గాలి వేగం పెంచి, తిండికి బాగా దగ్గరగా తేవడం ఇక్కడి నేర్పు.

మే నెల మధ్యాహ్నం ప్రొద్దుటూరు వీధిలో నిలబడినవాళ్లకు ఈ సూత్రం ఎవరూ చెప్పనక్కర్లేదు. 43 డిగ్రీల ఎండ ఉన్నా గాలి కదలనప్పుడు నీడలో కాసేపు ఓర్చుకోవచ్చు. అదే వేడి వడగాలిగా వీస్తే ముఖం మండుతుంది, పెదవులు ఎండి పగులుతాయి. ఒంటిని అంటుకుని ఉండే పలుచని గాలిపొరను వడగాలి తుడిచేసి, దాని చోట వేడిగా పొడిగా ఉన్న కొత్త గాలిని తెచ్చి పెడుతూనే ఉంటుంది. పెట్టెలో వడకు జరిగేదీ అదే. కదలని గాలిలో వడ చుట్టూ దాని ఆవిరే కమ్ముకుని ఉంటుంది. తడి ఉన్నంతసేపూ పైభాగం 100 డిగ్రీలు దాటదు, ఎర్రబడదు. ఫ్యాను ఆ ఆవిరిని ఊడ్చేస్తుంది, పైతడి ఆరుతుంది, అప్పుడు వేడి 140 డిగ్రీలు దాటి రంగూ రుచీ మొదలవుతాయి. ఆ రంగు వెనకున్న రసాయన చర్యను 1912లో వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త మయార్ పేరుతోనే దాన్ని పిలుస్తారు.

ఫ్యాను తిప్పే మోటారును చూడాలి. అది గదిలో ఉంటే మాడిపోతుంది కనుక గోడకు అవతల ఉంటుంది. ఇరుసు మాత్రం గోడలోని కంతగుండా లోపలికి వస్తుంది. ఆ ఒక్క ఇరుసు మీద రెండు ఫ్యాన్లు. లోపలిది వేడిగాలిని నడుమనుంచి లాగి చుట్టూ విసురుతుంది. బయటిది అదే తిరుగుడుతో చల్లగాలిని మోటారు మీదికి తోస్తుంది. మోటారు తిరుగుతున్నంతసేపూ తనను తాను చల్లబరుచుకుంటుంది. విడిగా ఇంకో తీగ లేదు, ఇంకో స్విచ్చి లేదు. ఈ పెట్టె మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఏర్పాటు ఇది.

ఉష్ణోగ్రత నాబుకు ఉన్న లంకె కూడా అంతే ముచ్చటైనది. చాలా రకాల్లో గది గోడకు ఆనుకుని సన్నటి లోహపు బుడ్డి ఉంటుంది, దాని నిండా నూనె. వేడికి నూనె ఉబ్బుతుంది. వెంట్రుకంత బోలు ఉన్న గొట్టంగుండా ఆ ఒత్తిడి నాబు వెనకున్న పలుచని డబ్బీకి చేరి, దాన్ని రవ్వంత ఉబ్బిస్తుంది. ఆ రవ్వంత కదలికే రాడ్లకు పోయే కరెంటును కటిక్కున తెంచుతుంది. నాబు తిప్పడమంటే ఆ డబ్బీ ఎంత ఉబ్బితే తెంచాలో చెప్పడమే. వంట మధ్యలో దీపం ఆరి వెలుగుతుంటే పెట్టె చెడిపోయిందనుకోకండి, కొలత చూసుకుంటోంది.

తలుపుది వేడి తగిలినా పగలకుండా పదును పెట్టిన గాజు. కొన్ని రకాల్లో తలుపు కింది అంచున రెండు కొక్కేలుంటాయి. తలుపు తెరవగానే అవి జాలీని పట్టుకుని ముందుకు లాక్కొస్తాయి, చెయ్యి లోపల పెట్టే పని తప్పుతుంది. లోపలి రేకు తళతళలాడేది అందం కోసం కాదు, రాడ్ల నుంచి గోడల మీద పడిన వేడిని తిరిగి తిండి మీదికి మళ్లించడానికి. దాన్ని ఉక్కు పీచుతో గీకితే ఆ గుణం పోతుంది. వెనకవైపు సన్నటి చీలికలు ఆవిరి పోయే దారి. గోడకు జానెడు ఎడం ఉంచాలనేది వాటి కోసమే.

పెట్టె కాళ్ల కింద మన కడప బండ ఉంటుంది. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల చుట్టుపక్కల భూమిలో పొరలు పొరలుగా ఉన్న సున్నపురాయిని పలకలుగా లేపి పాలిష్ పట్టిన నల్లరాయి. ఆ పొరలు సహజంగా విడిపోయేవే కనుక అంత చదునైన పలక దొరుకుతుంది. ఇలాంటి పెట్టెకు అది మంచి పీట. చెక్కలా మాడదు, ప్లాస్టిక్ రేకులా ఉబ్బదు, నాలుగు కాళ్లూ సమంగా ఆనుతాయి. అయితే నిప్పులా ఉన్న ట్రేను తీసి చల్లటి బండ మీద నేరుగా పెట్టకండి. ఒక్కచోటే వేడి తగిలితే రాయి పెచ్చు లేస్తుంది. కింద ఇనుప స్టాండు పెట్టుకుంటే చాలు.

మా పెద్దమ్మది పులివెందుల. "నూనె ల్యాకుండా వడ ఎట్ల కాలుతాది నాయనా?" అని అడిగింది. అలసంద వడ అయితే కాలుతుంది పెద్దమ్మా, పైన చేత్తో కొంచెం నూనె పూయాల అన్నాను. నానిన అలసందలను నీళ్లు పోయకుండా బరకగా రుబ్బి, ఎర్రగడ్డ, పచ్చిమిరప, అల్లం కలిపి తట్టాలి. పెట్టెను ముందే ఐదు నిమిషాలు వేడి చేసి, 180 డిగ్రీల్లో పది నిమిషాలు ఒకవైపు, తిరగేసి ఇంకో ఆరేడు నిమిషాలు. వడల మధ్య వేలెడు సందు ఉండాలి, గాలి నడిచేది ఆ సందుల్లోనే. నూనెలో వేసిన వడకు ఇది సాటి అనను. నూనె వడ పగుళ్లలోకి దిగి ఇచ్చే కరకర వేరు. కానీ నాటుకోడి పులుసులో నంజుకోవడానికి ఇది చక్కగా సరిపోతుంది.

మిరపకాయ బజ్జి మాత్రం కుదరదు. జారుగా ఉన్న శనగపిండిని నూనె నాలుగువైపులా ఒక్కసారే తాకి క్షణాల్లో గట్టిపరుస్తుంది. గాలికి అంత వేడిని మోసే సత్తువ లేదు, పిండి గట్టిపడేలోపు జాలీ నుంచి కారిపోతుంది. అప్పడం కాలుతుంది గానీ తేలిక కాబట్టి ఎగిరి రాడ్డుకు తగులుతుంది, పైన ఇంకో జాలీ బోర్లించాలి. చెనక్కాయ విత్తనాలకు ఈ పెట్టెను మించింది లేదంటాను. ట్రేలో ఒకే వరసగా పరిచి 160 డిగ్రీల్లో పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు, నడుమ ఒకసారి కలపాలి. పొట్టు చిట్లగానే బయటికి తీసేయాలి, లోపల నిలిచిన వేడికి అవి ఇంకాసేపు వేగుతూనే ఉంటాయి. ఊరిబిండికి ఇంత సమంగా వేగిన విత్తనాలు బాండలిలో వేయించినప్పుడు నాకెప్పుడూ రాలేదు.

ఖర్చు సంగతి. 1500 వాట్ల పెట్టె ఆగకుండా ఇరవై నిమిషాలు కాలితే అర యూనిట్టు, నడుమ నడుమ ఆగుతుంది కనుక అంతకన్నా తక్కువే. కానీ 1500 వాట్లంటే 6.5 ఆంపియర్లు. మామూలు చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లకే చేసింది కనుక, దీనికి 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గే కావాలి. వోల్టేజీ తగ్గినప్పుడు వేడి అంతకు మించి తగ్గుతుందని కూడా తెలిసి ఉండాలి. 230 నుంచి 200కు పడితే రాడ్డు ఇచ్చే వేడి ముప్పావు వంతుకు దిగుతుంది. ఆ వేళ వంట పుస్తకంలోని నిమిషాలను నమ్మకండి, రంగు చూసి తీయండి.

చివరగా ఒక్క మాట. మెగ్నీషియం ఆక్సైడ్ పొడికి చెమ్మ పీల్చే గుణం ఉంది. పెట్టెను నెలల తరబడి వాడకుండా ఉంచితే రాడ్డులోకి చెమ్మ చేరి, కొద్దిపాటి కరెంటు పైరేకుకు దిగవచ్చు. అలాంటప్పుడు ముందు ఖాళీగా పావుగంట తక్కువ వేడిలో ఆరబెట్టాలి. అంతకన్నా ముఖ్యం ఎర్త్. మన సీమ నేల వేసవిలో లోతుదాకా ఎండిపోతుంది, ఎర్త్ గుంత ఎండితే దిగిన కరెంటుకు భూమిలోకి దారి ఉండదు. మీ ఇంటి ఎర్త్ గుంత ఎక్కడుందో ఈరోజే వెతకండి, ఎలక్ట్రీషియన్ చేత ఒకసారి పరీక్ష చేయించండి, ఎండాకాలమంతా వారానికి రెండు బిందెల నీళ్లు అందులో పోయండి.