జాన్ గారి అబ్బాయిలు

పోయిన మంగళవారం ఈ కాలమిస్టు ఇంటికి ఒక ఉత్తరం వచ్చింది. ఏ కార్యాలయం నుంచో ఇక్కడ అనవసరం. పలకరింపు మాత్రం అతనికి కాదు, అతని ఇంటిపేరుకి. అదేమో ఒక ఊరి పేరు. 'ప్రియమైన' అని మొదలుపెట్టి ఏకంగా ఊరినే పిలిచినట్టయింది. ఇంటిపేరు ముందుండే తెలుగువాడికి, ముందు పేరు, చివరి పేరు అన్న గళ్లు ఎదురైన ప్రతిసారీ ఇదే గతి. పేర్లను చంపేది గుమాస్తాలేనన్నది ఈ కాలమ్ పాత పాట. పాఠకులకు కంఠతా వచ్చేసి ఉంటుంది.

ఫోన్లో ఈ గోడు విని, వేల్స్‌లోని కార్డిఫ్‌లో ఆస్పత్రి డ్యూటీలో ఉన్న మేనల్లుడు నవ్వాడు. "నీ పేరు తిరగేశారు, అంతేగా మావయ్యా! ఇక్కడ జోన్స్ అని పిలిస్తే సగం వార్డు తలెత్తుతుంది. పుట్టినతేదీ అడగందే మాత్ర కూడా ఇవ్వం."

ఆ వారమంతా ఈ కాలమిస్టు జోన్స్‌లతోనే కాపురం చేశాడు.

వేల్స్‌లో అందరికంటే ఎక్కువమంది ఇంటిపేరు జోన్స్. 2006 నవంబరులో కార్డిఫ్‌లోని మిలీనియం సెంటర్‌లో 1,224 మంది జోన్స్‌లు ఒక్కచోట చేరి ప్రపంచ రికార్డు పెట్టారు. మరుసటి ఏడాదే ఐర్లండులో గాలహర్లు 1,488 మంది పోగై దాన్ని కొట్టేశారు, అది వేరే సంగతి. తమాషా ఏమిటంటే, సంప్రదాయ వెల్ష్ అక్షరమాలలో 'జె' అన్న అక్షరమే లేదు. జాన్‌ని అక్కడివాళ్లు యెయాన్ అన్నారు, ఇవాన్ అన్నారు, షోన్ అన్నారు. జోన్స్ అనేది ఇంగ్లిషు నోటికి తగ్గట్టు తయారైన మాట. మన లెక్కన చెప్పాలంటే, జాన్ గారబ్బాయి.

అసలు పూర్వం వెల్ష్‌వాళ్లలో చాలామందికి ఇంటిపేరే లేదు. కొడుకైతే 'ఆప్', అచ్చు ముందు 'ఆబ్', ఆ తర్వాత తండ్రి పేరు, మళ్లీ ఆప్, తాత పేరు. ఓపికుంటే ముత్తాత దాకా పోవచ్చు. కాగితాల మీద నలిగి నలిగి 'ఆ' ఊడిపోయింది, మిగిలిన హల్లు తండ్రి పేరుకి అతుక్కుపోయింది. ఆప్ హవెల్ పవెల్ అయ్యాడు, ఆప్ రీస్ ప్రైస్ అయ్యాడు, ఆబ్ ఓవెన్ బోవెన్ అయ్యాడు. 16వ శతాబ్దంలో తామస్ ఆప్ రిచర్డ్ ఆప్ హవెల్ అంటూ ఒక పెద్దమనిషి చిట్టా విప్పితే, రోలండ్ లీ అనే బిషప్ విసిగిపోయి ఊరిపేరు మీద మోస్టిన్ అని పెట్టుకోమన్నాడని ఒక కథ ఉంది. చూశారా గుమాస్తా బుద్ధి, అనుకున్నాడు ఈ కాలమిస్టు. కాలమ్ అక్కడితో ముగిసిపోవలసింది.

కానీ వేల్స్‌లోని ఆంగ్లెసీ దీవి అడ్డొచ్చింది.

1675లో ఆ దీవిలో ఒక చిన్న రైతు ఇంట్లో విలియం పుట్టాడు. తండ్రి షోన్ షోర్, ఇంగ్లిషులో జాన్ జార్జ్. ఆచారం ప్రకారం కొడుక్కి తండ్రి పేరు తగిలి విలియం జోన్స్ అయ్యాడు. లెక్కల్లో దిట్ట. లండన్ చేరాడు, న్యూటన్‌కి మిత్రుడయ్యాడు. వృత్తం చుట్టుకొలతని వ్యాసంతో భాగిస్తే వచ్చే సంఖ్యకి 'పై' అనే గ్రీకు అక్షరాన్ని 1706లో తన పుస్తకంలో వాడాడు. మన పిల్లలు ఎక్కాల తర్వాత తిట్టుకునే ఆ అక్షరం షోన్ షోర్ గారబ్బాయి పుణ్యమే.

1746లో లండన్లో ఆయనకో కొడుకు పుట్టాడు, వాడి పేరూ విలియమే. ఆచారం నడిస్తే వాడు విలియం విలియమ్స్ కావాలి. కాలేదు. లండన్లో ఇంటిపేరంటే కదలనిది. తండ్రి పేరుకి బదులు తాత పేరు మోస్తూ వాడూ జోన్స్‌గానే పెరిగాడు. కలకత్తాలో జడ్జీ అయ్యి, 1784లో ఏషియాటిక్ సొసైటీ పెట్టి, శాకుంతలాన్ని ఇంగ్లిషులోకి దించిన సర్ విలియం జోన్స్ ఇతనే. సంస్కృతానికీ గ్రీకు లాటిన్లకీ చుట్టరికముందని 1786లో చెప్పాడు. తెలుగు ఆ బంధువర్గంలోది కాదని మద్రాసులో ఎల్లిస్ అనే దొర తేల్చడానికి మరో ముప్ఫై ఏళ్లు పట్టింది. 1816 నాటి ఆ వ్యాసం క్యాంబెల్ రాసిన తెలుగు వ్యాకరణం ముందుమాటకి జోడింపుగా అచ్చయింది. మాటల వంశవృక్షాలు గీసిన ఈ జోన్స్ ఇంటిపేరు వయసు రెండే తరాలు!

ఇక్కడే పాత పాటకి శ్రుతి తప్పింది. వేల్స్‌ని ఇంగ్లండులో కలిపేసిన చట్టాలు 1536, 1543 నాటివి. షోన్ షోర్ కొడుక్కి పేరు పెట్టింది అటుపైన వందేళ్లు దాటాక. గుమాస్తా హుకుం అంత గట్టిదైతే ఆచారం అన్నాళ్లు ఎలా బతికింది? నిజానికి ఆప్‌ల గొలుసు ముచ్చటకి చెప్పుకున్నది కాదు. పాత వెల్ష్ న్యాయంలో భూమి కొడుకులందరికీ సమానంగా పంచాలి. ఎవరు ఎవరి మనవడో తెలియకపోతే పొలంలో వాటా లేదు. ఆస్తి పెద్దకొడుక్కే అన్న ఇంగ్లిషు పద్ధతి రావడంతో గొలుసుకి పని తప్పింది. ముందు పెద్ద కుటుంబాలు వదిలాయి, పల్లెలు చివరిదాకా పట్టుకుని వేలాడాయి.

అందరూ జోన్స్‌లే కావడం కూడా గుమాస్తా తప్పు కాదు. లివెలిన్, గ్రిఫిత్ లాంటి పాత పేర్లు వెనకబడి జాన్, విలియం, డేవిడ్, తామస్ లాంటి నాలుగైదు పేర్లే ఊరూరా మోగుతున్న రోజుల్లో ఇంటిపేర్లు గడ్డకట్టాయి. పేర్లు పెట్టింది తల్లిదండ్రులు. గుమాస్తా విన్నది రాశాడు. ఇలా రాయవలసి వస్తుందని ఈ కాలమిస్టు అనుకోలేదు.

ఊళ్లోవాళ్లు మాత్రం తికమక పడలేదు. పాల జోన్స్, రొట్టెల జోన్స్, పోస్టు జోన్స్ అని పిలుచుకున్నారు. దేశం దాటినా పేరు చెక్కుచెదరలేదు. దక్షిణ అమెరికాలోని పటగోనియాలో, అక్కడికి వలసపోయిన లూయిస్ జోన్స్ పేరు మీద ట్రెలెవ్ అనే పట్నం వెలిసింది. వెల్ష్‌లో 'ట్రె' అంటే ఊరు, 'లెవ్' అంటే మన లూయిస్ గారు. పాటగాళ్ల సంగతి మాత్రం వేరు. గాయకుడు డేవిడ్ బోవీ అసలు పేరు డేవిడ్ జోన్స్. అప్పటికే మరో డేవీ జోన్స్ పాటల్లో వెలుగుతుంటే మార్చుకున్నాడు. మరో గాయకుడు టామ్ జోన్స్ అసలు ఇంటిపేరేమో వుడ్‌వర్డ్. జోన్స్ అమ్మ పుట్టింటిది.

ఇప్పుడు ఆప్‌ల గొలుసు మళ్లీ అందుకుంటున్నవాళ్లున్నారు. వెల్ష్ జాతీయవాద పార్టీ ప్లయిడ్ కమ్రి నాయకుడు రున్ ఆప్ యోర్‌వెర్త్ తండ్రి ఎడ్వర్డ్ మోరిస్ జోన్స్. ఎడ్వర్డ్‌ని వెల్ష్‌లో యోర్‌వెర్త్ అంటారు. అలాంటి ఆప్‌లు అప్పుడప్పుడు మేనల్లుడి వార్డుకీ వస్తుంటారట. కంప్యూటర్లో వాళ్లని 'ఆప్' కింద వెతకాలా, తండ్రి పేరు కింద వెతకాలా అని నర్సులు వాళ్లు వచ్చినప్పుడల్లా తగువులాడుకుంటారట.