తీర్పు వచ్చాక ఏమైంది?

లా విద్యార్థులు రాసే పర్యావరణ వ్యాసాల్లో మొదటి పేరా దాదాపు ఒకటే. వేదకాలంలో మనవాళ్లు చెట్టుకు మొక్కారు, 1972లో స్టాక్‌హోమ్‌లో సదస్సు జరిగింది, 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలోకి 48ఏ, 51ఏ(జి) వచ్చాయి, 1984లో భోపాల్, 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం. పోటీకి పెట్టిన అంశం ఏదైనా సరే, ఈ ప్యాసింజరు బండి అన్ని స్టేషన్లలోనూ ఆగాల్సిందే. ఈమధ్య ఏఐ చేత రాయించేవాళ్లు మొదలయ్యాక ఆ పేరాలో అచ్చుతప్పులు కూడా ఉండటం లేదు. దిద్దేవాడికి ఉన్న ఆ కాస్త వినోదమూ పోయింది.

మా సీనియర్ గారి పేరిట వాళ్ల కుటుంబం ఏటా ఒక బహుమతి ఇస్తోంది. లా చదివేవాళ్లకు వ్యాసరచన పోటీ, అంశం పర్యావరణ న్యాయం. ఆయన బతికినంతకాలం కాలుష్యం కేసులు వాదించారు; వాటిలో చాలావాటికి ఫీజు ముట్టలేదు. వ్యాసాలు చదివి మార్కులేసే పని నా మీద పడింది. మన దగ్గర స్మారక బహుమతికి ఒక తంతు ఉంది. ఫొటోకు దండ, దీపం, పెద్దల ప్రసంగాలు, శాలువా, మెమెంటో. గెలిచిన వ్యాసంలో ఏముందో వేదిక మీద కూర్చున్నవాళ్లలో ఒక్కరికీ తెలియదు. సభ అయ్యాక అది బీరువాలోకి పోతుంది.

అమెరికాలో ఎన్విరాన్‌మెంటల్ లా ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ హెన్రీ డైమండ్ పేరిట లా విద్యార్థులకు ఇలాంటి పోటీయే పెడుతుంది. 1970లో న్యూయార్క్ రాష్ట్రం పర్యావరణానికంటూ ఒక శాఖ ఏర్పాటు చేసినప్పుడు దానికి తొలి కమిషనర్ ఆయనే. 2016లో పోయారు. అక్కడ నెగ్గిన వ్యాసాన్ని ఆ సంస్థ తన న్యాయపత్రికలో అచ్చు వేయడానికి ముందుకొస్తుంది. చెక్కు కన్నా అదే పెద్ద బహుమతి అంటాను. పది మంది లాయర్లు చదివి తప్పులు పట్టే చోట పేరు పడితే, మరుసటి వ్యాసం ఒళ్లు దగ్గర పెట్టుకుని రాస్తాడు కుర్రాడు.

ఇంతకీ నా పేచీ మొదటి పేరాతో కాదు, చివరి పేరాతో. మనవాళ్ల వ్యాసాలు తీర్పు దగ్గర ఆగిపోతాయి. క్లాసులో నేర్పేదీ అలాగే. కేసు వివరాలు, వివాదాంశం, కోర్టు ఏమంది. అక్కడితో నోట్సు అయిపోతుంది. కక్షిదారుడికి అసలు కథ అక్కడి నుంచే మొదలవుతుంది. 2020 తర్వాత కొన్నాళ్లు అందరూ ఎల్జీ పాలిమర్స్ మీదే రాశారు. మే 7న విశాఖలో స్టైరీన్ లీకైంది, మర్నాడే జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్జీటీ) రూ.50 కోట్లు జమ చేయమంది, జస్టిస్ శేషశయనారెడ్డి గారితో కమిటీ వేసింది. ఆ వ్యాసాల్లో కాలం ఆ మే నెల దాటదు. ఆర్.ఆర్.వెంకటాపురం వాళ్లు ఆ తర్వాత ఏ ఆస్పత్రికి వెళ్లారో, ఖర్చు ఎవరు పెట్టుకున్నారో అడిగినవాళ్లు నాకు తగల్లేదు.

ఒక అమ్మాయి అడిగింది. విశాఖ గురించి కాదు, రొయ్యల చెరువుల గురించి.

1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఎస్.జగన్నాథ్ కేసులో తీర్పిచ్చింది. కేసు వేసింది తమిళనాడు సర్వోదయ నాయకుడు జగన్నాథన్. నాగపూర్‌లోని నీరీ సంస్థ శాస్త్రవేత్తలు ఆంధ్ర, తమిళనాడు తీరాల్లో చెరువులు చూసి ఇచ్చిన నివేదికలు కోర్టు ముందున్నాయి. జస్టిస్ కుల్దీప్ సింగ్ బెంచి గట్టిగానే తేల్చింది. తీర నియంత్రణ జోన్‌లో సంప్రదాయ పద్ధతివి తప్ప మిగతా రొయ్యల చెరువులు 1997 మార్చి 31 లోపు తీసెయ్యాలి, పులికాట్, చిలికా సరస్సులకు 1000 మీటర్ల లోపు అసలు ఉండకూడదు, పాడుచేసినవాడే ఖర్చు భరించాలి. పర్యావరణ న్యాయం మీద ఏ వ్యాసం తీసినా ఈ తీర్పు ఉంటుంది, పొగడ్త ఉంటుంది, ఫుల్‌స్టాప్ ఉంటుంది.

ఈ అమ్మాయిది ఉప్పుటేరు పక్క ఊరు. తీర్పు చదివి గుమ్మంలోంచి బయటికి చూస్తే ఏరియేటర్లు తిరుగుతున్నాయి. బహుమతి సభ రోజు నన్ను పక్కకు పిలిచి అడిగింది: "సర్, తీసెయ్యమన్నారు కదా, మరి చెరువులు ఎలా ఉన్నాయి?" "అదే రాశావు కదమ్మా నువ్వు" అన్నాను. "రాశాను గానీ సర్, మా క్లాసులో ఎవరూ నమ్మట్లేదు" అంది.

ఆమె రాసింది ఇదీ. తీర్పు మీద రివ్యూ పిటిషన్లు పడ్డాయి. తర్వాత పార్లమెంటు 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసింది. అందులో 27వ సెక్షన్ ఉంది. 1991 ఫిబ్రవరి 19 నాటి తీర నియంత్రణ నోటిఫికేషన్‌లో ఏ పేరాను పట్టుకుని కోర్టు చెరువులు తీసెయ్యమందో, ఆ పేరా తీర ఆక్వాకల్చర్‌కు వర్తించదని ఆ సెక్షన్ చెబుతుంది. అదీ 2005 నుంచి కాదు, 1991లో ఆ నోటిఫికేషన్ వచ్చిన రోజు నుంచే వర్తించనట్టు లెక్క. పద్నాలుగేళ్లు వెనక్కి వెళ్లి తీర్పు కింద నేల తవ్వేశారు. కోర్టు మాట కోర్టు దగ్గరే ఉంది, పాఠ్యపుస్తకంలోనూ ఉంది. 2023 సవరణతో ఆ చట్టంలో జైలు శిక్ష కూడా పోయి జరిమానాలు మిగిలాయి. ఇదంతా గెజిట్‌లో ఉన్నదే, దాచిందేమీ లేదు. తీర్పును తలకెత్తుకునేవాళ్లు గెజిట్ తిప్పరు, అంతే.

ఆ వ్యాసంలో నేను మళ్లీ మళ్లీ చదివిన పేజీ మాత్రం వేరు. ఆ చట్టం ప్రకారం తీరప్రాంతం అంటే పోటు గీత నుంచి రెండు కిలోమీటర్లు. ఆ గీత సముద్రానిది ఒక్కటే కాదు. నదులు, ఏరులు, బ్యాక్‌వాటర్లు కూడా చట్టంలో ఉన్నాయి. కొల్లేటి నీళ్లను సముద్రంలో కలిపే ఉప్పుటేరులో పోటు వేళ ఉప్పునీరు పైకి ఎగదన్నుతుంది. అలాంటప్పుడు సముద్రానికి దూరంగా ఉన్న మా ఊరి చెరువులు కేంద్ర అథారిటీ కిందికి వస్తాయా, 2020లో రాష్ట్రం తెచ్చిన ఆక్వాకల్చర్ డెవలప్‌మెంట్ అథారిటీ చట్టం కిందికి వస్తాయా అని ఆమె ప్రశ్న. ఎవరికి ఫిర్యాదు చేయాలో తేలేది దీన్నిబట్టే. పక్క చెరువు తూము ఎత్తి ఉప్పునీళ్లు పంట బోదెలోకి వదిలితే వరిరైతు ఏ ఆఫీసు మెట్లెక్కాలి? ఆమె మండల ఆఫీసులో అడిగింది, ఫిషరీస్ వాళ్లను అడిగింది, ఇద్దరూ ఒకరి వైపు ఒకరు చూపించారు. ఆ సంగతి ఉన్నదున్నట్టు రాసి, తన దగ్గర జవాబు లేదని ఒప్పుకుని వదిలేసింది. వాళ్ల నాన్న పొలం కూడా చెరువుకే లీజుకిచ్చారట. అదీ రాసింది, ఫుట్‌నోట్‌లో. నిర్ణేతల్లో ఒకాయన ముగింపు లేదని రెండు మార్కులు కోశారు. నేను కలిపాను.

మనవాళ్లకు చేతికందేంత దగ్గరలో ఇంకో కేసుంది, హైదరాబాదు జంట జలాశయాలది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల చుట్టూ 10 కిలోమీటర్ల మేర కాలుష్య పరిశ్రమలు వద్దని 1996 మార్చిలో 111 జీవో వచ్చింది. ఆముదం నుంచి రసాయనాలు తీసే ఫ్యాక్టరీ ఒకటి ఆ హద్దు లోపల రాబోతే పొల్యూషన్ బోర్డు కాదంది, అప్పీలు అథారిటీ సరేనంది. ప్రభుత్వం 1997లో ఆ ఒక్క కంపెనీకి మినహాయింపు కూడా రాసిచ్చింది. సుప్రీంకోర్టులో జస్టిస్ మామిడన్న జగన్నాథరావు గారు 1999 జనవరిలో రాసిన తీర్పును, ప్రమాదం లేదని నిరూపించుకోవాల్సింది పరిశ్రమే అన్న మాట కోసం అందరూ ఉదహరిస్తారు. శాస్త్రవేత్తలే తలోమాట చెబుతుంటే జడ్జి ఎవరి మాట పట్టుకోవాలి అన్న ఇబ్బందిని ఆయన అందులో దాచుకోలేదు. నాకు అదే ముఖ్యం. 2000 డిసెంబరులో ఆ మినహాయింపును కోర్టు కొట్టేసింది. 2003లో ఆయన లా కమిషన్ ఛైర్మన్‌గా 186వ నివేదిక ఇచ్చారు. శాస్త్రనిపుణులు కూడా కూర్చునే పర్యావరణ కోర్టులు పెట్టమని అందులో అడిగారు. ఎన్జీటీ చట్టం 2010లో వచ్చింది. ఒక ఆముదం ఫ్యాక్టరీ కేసులో తగిలిన చిక్కు జాతీయ ట్రిబ్యునల్ దాకా నడిచిందన్నమాట. మరి 111 జీవో? దాని పరిధిలోని 84 గ్రామాలకు ఆంక్షలు సడలిస్తూ తెలంగాణ ప్రభుత్వం 2022 ఏప్రిల్‌లో 69 జీవో ఇచ్చింది. ఈ రెండు కొసలూ ఒకే వ్యాసంలో కనిపిస్తే నేను ఇంకేమీ చూడకుండా మార్కులేస్తాను.

అందుకే ఈసారి అంశం మార్చమని సీనియర్ గారి అబ్బాయిని అడిగాను. మీ జిల్లాకు సంబంధించి పదేళ్లు దాటిన ఒక పర్యావరణ తీర్పు తీసుకోండి, ఆ తర్వాత ఏమైందో రాయండి, అంతే. తీర్పును రెండు పేజీల్లో ముగించాలి, మిగతాదంతా తర్వాతి కథ. ఆయన వెంటనే ఒప్పుకున్నారు. అచ్చు ఖర్చు కూడా పెట్టుకుంటామన్నారు.

చిక్కు గడువు దగ్గర వచ్చింది. ఇప్పటిదాకా ప్రకటనకూ చివరి తేదీకీ మధ్య నెల రోజులు ఇచ్చేవాళ్లం. తీర్పు కావాలంటే ఫోనులో నిమిషంలో దొరుకుతుంది. దాన్ని అమలు చేశారా లేదా అన్న కాగితం మాత్రం ఏదో ఒక ఆఫీసు ఫైల్లో ఉంటుంది, అది బయటికి రావాలంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టాలి. జవాబివ్వడానికి వాళ్లకు 30 రోజులుంటాయి. ఇవ్వకపోతే మొదటి అప్పీలు, దానికి మరో 30 రోజులు, కారణం రాస్తే 45. అంటే మా పాత గడువులో అసలు పని చేయాలనుకున్న విద్యార్థికి తొలి జవాబు కూడా చేతికందదు. ఈ ఏడాది ప్రకటన వేసవి సెలవులకు ముందే వేసి, వ్యాసాలు దసరా తర్వాత తీసుకుంటున్నాం. దరఖాస్తు రసీదు, వచ్చిన జవాబు వ్యాసానికి జత చేయాలి. జవాబే రాకపోతే, అప్పీలు పెట్టిన రసీదు చాలు.