కువైట్ ఫోను, కుర్రాడి ఆట

శుక్రవారం కువైట్‌లో సెలవు. అందుకే ఆ సాయంత్రం ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల అని లేకుండా మా జిల్లాలో చాలా ఇళ్ళలో వాట్సాప్ మోగుతుంది. అవతల భర్తో, కొడుకో, బామ్మర్దో. ఇవతల ఇల్లంతా ఒక ఫోను చుట్టూ చేరుతుంది. కాసేపు సాఫీగానే సాగి, ఉన్నట్టుండి మాట తునకలు తునకలుగా వస్తుంది. "ఇనపడతాందా? ఇనపడతాందా?" అని ఇక్కణ్ణుంచి అరుస్తుంటే అక్కణ్ణుంచి సగం మాటే చేరుతుంది. అప్పుడు ఎవరో ఒకరు పక్క గది వైపు కేకేస్తారు: "ఒరేయ్, ఆ ఆట ఆపురా, మీ మామ ఫోన్ చేచ్చాండాడు!"

ఈ వారం ఆ కుర్రాడి తరఫున వకాల్తా పుచ్చుకుంటున్నాను. పిల్లలు రాత్రింబవళ్ళు ఫోనుకు అతుక్కుపోవడం నాకూ ఇష్టం లేదు. అది వేరే తగువు. నెట్ విషయంలో మాత్రం వాడు నిర్దోషి. ఇంట్లో వైఫై సర్దుకోవడం సరదాగా మొదలుపెట్టి, తెలిసినవాళ్ళ ఇళ్ళలో రౌటర్లు చక్కబెట్టడం దాకా వచ్చినవాణ్ణి. చాలాచోట్ల అసలు దొంగ ఇంకెవరో అయ్యుంటాడు.

నెట్ మీద మాట ఎట్లా పోతుందో చూడండి. మనం మాట్లాడే ప్రతి సెకనునూ యాభై ముక్కలు చేసి పంపుతారు. పాత టెలిఫోన్ పద్ధతిలో ఒక్కో ముక్క రమారమి రెండు వందల బైట్లు. అంతా కలిపినా సెకనుకు వంద కిలోబిట్లు దాటదు. వాట్సాప్ లాంటివి వాడే కొత్త పద్ధతులకు ఇంకా తక్కువే చాలు. ఆటా అంతే. బీజీఎంఐ అనే తుపాకుల ఆటలో కుర్రాడు తుపాకీ పేల్చినప్పుడు పోయేది బొమ్మ కాదు, "ఇక్కడున్నాను, పేల్చాను" అనే చిన్న కబురు. బొమ్మను వాడి ఫోనే గీసుకుంటుంది. కాబట్టి కాల్‌కూ ఆటకూ కావలసింది వెడల్పాటి దారి కాదు, వేళకు చేరడం. మాట అటు చేరడానికి 150 మిల్లీసెకన్లు మించకపోతే సంభాషణ హాయిగా సాగుతుందని అంతర్జాతీయ టెలికాం సమాఖ్య ఏనాడో లెక్క కట్టింది. కుర్రాడు "ల్యాగ్" అని తిట్టుకున్నా, వాళ్ళమ్మ "కట్ కట్ అయితాంది" అని వాపోయినా జబ్బు ఒక్కటే.

మరి దొంగ ఎవరు? అదే ఇంట్లో ఛార్జింగ్‌కు పెట్టిన ఇంకో ఫోను. పెళ్ళిలో తీసిన వీడియోలన్నీ వైఫై దొరకగానే గూగుల్ ఫొటోస్‌కు ఎక్కించడం మొదలుపెడుతుంది. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ వాళ్ళ ఇళ్ళలో అయితే సీసీ కెమెరాలు. వాటిని క్లౌడ్‌కు కలిపారంటే పగలూ రాత్రీ అప్‌లోడే. కుర్రాడి తప్పు ఏమైనా ఉంటే ఆడటంలో లేదు, ఆట అప్‌డేట్‌ను ఆ వేళకే దింపుకోవడంలో ఉంది.

ఇలాంటి పెద్ద అప్‌లోడు దారి ఎంతుంటే అంతా నింపుతుంది. నిండాక మిగిలిన ముక్కలు నెట్ కంపెనీవాళ్ళు ఇచ్చిన పెట్టెలోని బఫర్‌లో, అంటే ముక్కలు ఆగే జాగాలో, వరుసకట్టి నిలబడతాయి. పంపే వేగం 1 ఎంబీపీఎస్ ఉండి, బఫర్‌లో 256 కేబీ నిండిందనుకోండి. చివర నిలబడ్డ మాట ముక్కకు రెండు సెకన్లు ఆలస్యం. 150 మిల్లీసెకన్లు ఎక్కడ, రెండు సెకన్లు ఎక్కడ!

దీన్ని మన కళ్ళతోనే చూడొచ్చు. కబురు పోయి రావడానికి ఎంతసేపు పడుతుందో చూపే పింగ్‌ను కంప్యూటర్‌లో నడిపి వదిలేయండి, ముప్పై నలభై మిల్లీసెకన్ల దగ్గర అంకె ఆడుతూ ఉంటుంది. ఇప్పుడు ఇంకో ఫోన్‌లోంచి పెద్ద వీడియో ఒకటి డ్రైవ్‌కు ఎక్కించండి. అంకె వందలకు ఎగబాకితే రోగం దొరికినట్టే. అప్‌లోడ్ ఆపగానే దిగొస్తుంది. పక్క గదిలో ఆట నడుస్తున్నా దిగొస్తుంది.

జిమ్ గెటిస్ అనే అమెరికన్ ఇంజనీరు 2010లో తన ఇంటి నెట్‌లోనే దీన్ని పట్టుకున్నాడు. 'బఫర్‌బ్లోట్' అని పేరు పెట్టిందీ ఆయనే. మందు 2012లో క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ కనిపెట్టారు, పేరు 'కోడెల్'. దానికి వంతుల పద్ధతి కలిపిన 'ఎఫ్‌క్యూ-కోడెల్' 2018లో ఇంటర్నెట్ సాంకేతిక పత్రాల్లోకి ఎక్కింది. డేవ్ టాట్ వంటివాళ్ళు ఏళ్ళ తరబడి శ్రమించి దీన్ని ఎవరైనా ఉచితంగా వాడుకునేట్టు చేశారు. ఆయన 2025లో పోయారు. మన ఇళ్ళలో మాట తెగకుండా వినిపిస్తే అందులో ఆయన చెమట కొంత ఉంది.

ఆ పద్ధతిలో నాకు నచ్చేది దాని న్యాయం. కొద్దిగా అడిగేవాడి పని ముందు తీరుస్తుంది, బండెడు మోసుకొచ్చినవాణ్ణి వంతుల మీద నడిపిస్తుంది. పాత రౌటర్లలో ఎవరిది ముందు పోవాలో చెప్పే క్యూఓఎస్ అనే అమరిక ఉంటుంది, అందులో నాన్న ఫోను ఒకటో నంబరు, కొడుకుది నాలుగో నంబరు అని జాబితా రాయాలి. దాంతో ఇంట్లో కొత్త పంచాయితీ. ఇక్కడ ఆ జాబితాతో పని లేదు. మామ మాటా పోతుంది, కుర్రాడి తూటా పోతుంది, పెళ్ళి వీడియో కాస్త నిదానంగా ఎక్కుతుంది. దానికేం తొందర?

ఒక షరతు ఉంది. వేగాన్ని మనమే కొంచెం బిగించుకోవాలి. లైన్‌కు నిజంగా వచ్చే వేగంలో పదోవంతు తగ్గించి రౌటర్‌లో రాయాలి. చేతిలో ఉన్న వేగాన్ని తగ్గించుకోవడమా అని అందరూ అడుగుతారు. కేసీ కాలువ కింద సేద్యం చేసేవాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు. పై లాకులు మన మాట వినవు, మన పొలం తూము మన చేతిలో ఉంటేనే ఏ మడికి ఎప్పుడు పారించాలో మనం చెప్పగలం. వేగం బిగిస్తే వరుస కంపెనీవాళ్ళ పెట్టెలో కాక మన రౌటర్‌లో కడుతుంది. అప్పుడే వంతులు మన చేతికొస్తాయి.

పెద్ద ప్లాన్ తీసుకుంటే తీరదా అంటారు. 2005లో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ వచ్చినప్పుడు 256 కేబీపీఎస్ అంటేనే గొప్ప. 2017 డిసెంబరు 27న ఏపీ ఫైబర్‌నెట్ మొదలైనప్పుడు 149 రూపాయలకు 15 ఎంబీపీఎస్, టీవీ, ఫోను అన్నారు. ఇప్పుడు వంద ఎంబీపీఎస్ మామూలైంది. వేగం పెరిగితే వరుస త్వరగా కదులుతుంది, నిజమే. కానీ ఫోన్లూ కెమెరాలూ అంతకంతకూ పెరిగి ఆ దారినీ నింపుతున్నాయి.

రౌటర్‌తో తీరని కష్టమూ ఒకటి ఉంది. జమ్మలమడుగు వైపు రాతి మిద్దెల్లో గోడ మందానికి వైఫై రెండో గదికి చేరేసరికే నీరసపడుతుంది. అక్కడ ఏ క్యూఓఎస్ పనికిరాదు. కేబుల్ లాగి ఇంకో యాక్సెస్ పాయింట్ పెట్టాలి. పులివెందులలో ఇంటినుంచి బెంగళూరు ఆఫీసు పని చేసుకునే పిల్లలకూ ఇదే చెబుతాను: ల్యాప్‌టాప్‌కు వైరు పెట్టుకోండి.

ఇక ఎవరిది ముందు పోవాలన్న మాటకొస్తే, డబ్బిచ్చినవాడి సరుకు ముందు పోవడం అనేది ఇంటి బయట ఉండకూడదని దేశం తేల్చుకుంది. ఒక్కో సైటుకు ఒక్కో ధర కట్టడాన్ని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2016 ఫిబ్రవరి 8న నిషేధించింది. 2018లో కేంద్రం నెట్ న్యూట్రాలిటీ నియమాలకు ఆమోదం తెలిపింది. ఇంటి లోపల ఎవరిది ముందు పోవాలో తేల్చే హక్కు మాత్రం పూర్తిగా ఇంటివాళ్ళదే.

ఆ హక్కు వాడుకోబోతేనే మా ఊళ్ళలో చిక్కొస్తుంది. లైన్ ఇచ్చినవాళ్ళు పెట్టె బిగించి, దాని అడ్మిన్ పాస్‌వర్డ్ తమ దగ్గరే ఉంచుకుని పోతారు. కేబుల్ ఆపరేటర్ సోదరులకు నా విన్నపం ఇదే. ఆ పాస్‌వర్డ్ ఇంటివాళ్ళ చేతిలో పెట్టండి. కుదరదంటే పెట్టెను బ్రిడ్జ్ మోడ్‌లోకి మార్చి, వాళ్ళ రౌటర్ వాళ్ళు పెట్టుకోనివ్వండి. మీకు పది నిమిషాల పని.